వ్యసనం రోగమే: మేరీ జీన్ క్రీక్ పరిశోధన మనకు నేర్పేది

(బెజ్జంకిలో చేసిన స్మారకోపన్యాసం)

 

కల్లుకో, మాత్రలకో, గంజాయికో చిక్కినవాణ్ని చూసి "వాడికి బుద్ధి లేదు" అని తేల్చేస్తాం. ఆ తీర్పు సరికాదని యాభై ఏళ్లకు పైగా ప్రయోగశాలలో పాటుపడి చూపిన వైద్యురాలు మేరీ జీన్ క్రీక్. 1937లో వాషింగ్టన్‌లో పుట్టిన ఆమె, 1964లో వైద్య శిక్షణలో ఉండగానే న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్‌ల బృందంలో చేరారు. హెరాయిన్ వాడినవాణ్ని జైల్లో పెట్టడమే పరిష్కారమని చాలామంది నమ్మిన కాలమది.

ఆ బృందం రోగులకు మొదట నల్లమందు నుంచి తీసే మార్ఫిన్ ఇచ్చి చూసింది. కొన్ని గంటలకే ప్రభావం దిగిపోయేది, మోతాదు పెంచుతూ పోవాల్సి వచ్చేది. రోగులు పైజమాలతో టీవీ ముందు కూర్చుని తర్వాతి సూది కోసం ఎదురుచూసేవారు. వాళ్లకే మెథడోన్ ఇచ్చారు. అదీ మార్ఫిన్ లాంటి మందే. కాకపోతే నోటితో తీసుకోవచ్చు, రోజుకొకసారి చాలు. మోతాదు కుదిరాక ఒకాయన బొమ్మలు వేయడంలో పడ్డాడు. ఇంకొకాయన ఆగిన చదువు పూర్తి చేస్తానని పట్టుబట్టాడు. వాళ్లకు ఎవరూ నీతులు చెప్పలేదు. మెదడుకు నిలకడ దొరికింది, అంతే.

"ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చింది" అన్నారు విమర్శకులు. క్రీక్ ఏళ్ల తరబడి మెథడోన్ తీసుకుంటున్నవారిని పరీక్షించి, ఆ మందు భద్రతపై 1973లో ఫలితాలు ప్రకటించారు. మార్ఫిన్ వెళ్లి అతుక్కునే గ్రాహకాలు మెదడులో ఉన్నాయని శాస్త్రవేత్తలు సోలమన్ స్నైడర్, క్యాండస్ పెర్ట్ చూపింది కూడా ఆ ఏడాదే. ఆ గ్రాహకపు జన్యువులో ఒక్క అక్షరం మారితే, శరీరం తయారుచేసుకునే ఎండార్ఫిన్‌ను అది పట్టుకునే తీరే మారుతుందని 1998లో క్రీక్ బృందం నివేదించింది. 2021లో కన్నుమూసేదాకా ఆమె ఈ పనిలోనే ఉన్నారు.

ఇక మన సంగతి. చెట్టు నుంచి దించిన కల్లు వేరు, అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు వేరు. ఈ మందులు మార్ఫిన్ జాతివి కావు, మెదడులో వేరే చోట పనిచేస్తాయి. 2015లో అధికారులు కల్తీ కల్లును అడ్డుకోగానే తెలంగాణ జిల్లాల్లో ఎందరో ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. అలాంటి మాత్రలు బాగా అలవాటైనవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు కనుసన్నల్లో కొద్దికొద్దిగా తగ్గించాలి. మాన్పించాలని గదిలో పెట్టి గొళ్లెం వేయడం ప్రేమే అయినా ప్రమాదకరమైన ప్రేమ.

మత్తుమందులంటే మనకున్న భయానికి ఇంకో ముఖం ఉంది. నల్లమందును చట్టబద్ధంగా పండించే దేశం మనది. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పెట్టిన అనుమతుల చిక్కుతో మన క్యాన్సర్ రోగులకే మార్ఫిన్ అందడం కష్టమైంది. 2014లో చట్టాన్ని సవరించారు. ఆ మరుసటేడు మార్ఫిన్, మెథడోన్ సహా ఆరు మందులను అత్యవసర మాదక ఔషధాలుగా ప్రకటించారు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి తగ్గించే ఉపశమన చికిత్స ఉంది. అయినా డాక్టరు మార్ఫిన్ రాస్తే "అలవాటవుతుందేమో" అని జంకే ఇళ్లున్నాయి. మందుకు ఒళ్లు అలవాటుపడటం ఒకటి, చేటని తెలిసీ దాని వెంట పడటం మరొకటి. ఈ తేడా తెలియక ఏ అమ్మా, ఏ నాయనా చివరి రోజుల్లో నొప్పితో మెలికలు తిరగకూడదు.

యువకులారా, మీ వాడలో ఎవరైనా మత్తులో చిక్కుకుంటే వెక్కిరించకండి. వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా అడగండి, ఆసుపత్రికి వెంట వెళ్లండి. పెద్దలారా, బీపీకి, షుగరుకు దొరికినట్టే వ్యసనానికీ మండల ఆసుపత్రిలోనే మందు, డాక్టరు ఉండాలని గ్రామసభలో గట్టిగా అడగండి. ఇది రోగమని ఒప్పుకుంటే వైద్యం అడగడం మన హక్కవుతుంది.