సాక్చిలో చరిత్ర, రాజనీతి చదవడమంటే



విశ్వవిద్యాలయాల్లో రాజనీతి శాస్త్రం, చరిత్ర, అంతర్జాతీయ సంబంధాల చదువు గురించి మాట్లాడమని ఈ సభ నన్ను ఆదేశించింది. ఈ మూడింటినీ మూడు గదుల్లో, మూడు సిలబస్సులుగా చదివించడం మనకు అలవాటైపోయింది. అలా విడదీసి చదివితే మనం కూర్చున్న ఈ సాక్చి కూడా అర్థం కాదన్నదే నా వాదన. ఒక మనియార్డరు ఫారాన్ని ఊహించండి. 1911లో ఇక్కడ టాటా ఉక్కు కంపెనీ పనిలో చేరిన చీకాకోలు (నేటి శ్రీకాకుళం) మనిషి ఇంటికి డబ్బు పంపుతున్నాడు. పంపేవాడి చిరునామా సాక్చి, కాళీమాటి స్టేషను, సింగ్‌భూమ్ జిల్లా, బెంగాల్. అందుకునేవారిది చీకాకోలు తాలూకా, గంజాం జిల్లా, మద్రాసు. మరుసటి ఏడాదికే మొదటి చిరునామాలోంచి బెంగాల్ పోయి బీహార్-ఒరిస్సా వచ్చింది. 1919లో సాక్చి జంషెడ్‌పూర్ అయింది, కాళీమాటి టాటానగర్ అయింది. 1936లో రెండు చిరునామాలూ ఒక్కసారే మారాయి. ఇటు ఒరిస్సా విడిపోయి బీహార్ మిగిలింది, అటు గంజాం పోయి విశాఖపట్నం జిల్లా వచ్చింది. ఆ తర్వాత 1950లో శ్రీకాకుళం జిల్లా, 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, ఇటుపక్క 2000లో జార్ఖండ్. పంపిన ఇల్లూ అందుకున్న ఇల్లూ మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి.

ఈ మార్పుల తేదీలు చరిత్ర పుస్తకంలో దొరుకుతాయి. 1936లో రెండు చివర్లూ ఎందుకు కలిసి కదిలాయన్నది తేదీలు చెప్పవు. ఒరిస్సాను ప్రత్యేక రాష్ట్రం చేసేటప్పుడు సరిహద్దులు తేల్చడానికి ఓడొనెల్ అధ్యక్షతన 1931లో ఒక కమిటీ వేశారు. గంజాం, విశాఖ ఏజెన్సీ, సింగ్‌భూమ్ మూడూ ఒరియావారు తమవన్న ప్రాంతాలే. కమిటీకి సహాయ సభ్యులుగా ఒరియా పక్షాన పర్లాకిమిడి రాజా, ఆంధ్ర పక్షాన సి.వి.ఎస్. నరసింహరాజు, బీహార్ పక్షాన సచ్చిదానంద సిన్హా కూర్చున్నారు. గంజాంలో అధిక భాగం ఒరిస్సాకు పోయింది, సింగ్‌భూమ్ పోలేదు. అంటే మన పూర్వీకుల ఊరి పొలిమేరా, వాళ్ళు బతకడానికి వచ్చిన ఊరి పొలిమేరా ఒకే కమిటీ ముందు, ఒకే బల్ల మీద తేలాయి. ఆంధ్ర చరిత్ర రాసేవారు ఆ నివేదికలో గంజాం పుటలు తిరగేసి మూసేస్తారు, జార్ఖండ్ చరిత్ర రాసేవారు సింగ్‌భూమ్ పుటలు చూసి మూసేస్తారు. రెండూ కలిపి చదవవలసిన అవసరం ఎవరికైనా ఉందంటే అది ఈ ఊరి తెలుగువాళ్ళకే.

ఇక 1919 సంగతి. ఆ ఏడాది జనవరి 2న వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఇక్కడికి వచ్చి ఊరికి జంషెడ్జీ టాటా పేరు పెట్టాడు. యుద్ధకాలంలో మెసొపొటేమియాకు, ఈజిప్టుకు, పాలస్తీనాకు, తూర్పు ఆఫ్రికాకు ఇక్కడి పట్టాలు వెళ్ళినందుకు అది కృతజ్ఞత. అదే ఏడాది వేల్స్‌లోని అబరిస్ట్‌విత్ కాలేజీలో, అదే యుద్ధంలో చనిపోయిన విద్యార్థుల స్మృతికి డేవిడ్ డేవిస్ కుటుంబం ఇచ్చిన విరాళంతో, అంతర్జాతీయ రాజకీయాలకు ప్రపంచంలోనే మొదటి ఆచార్య పీఠం ఏర్పడింది. అంతర్జాతీయ సంబంధాల శాస్త్రం పుట్టుక అని మన తరగతుల్లో చెప్పే కథ అదే. ఆ కథలో సాక్చి ఉండదు. యుద్ధాన్ని నడిపిన మంత్రులుంటారు, ఆపాలనుకున్న ఆచార్యులుంటారు, పట్టాలు పోసినవాళ్ళుండరు.

యుద్ధం ఆగాక ఏం జరిగిందో కూడా చూడండి. యూరప్‌లో కరెన్సీల విలువ పడిపోయి, బెల్జియం వంటి దేశాల ఉక్కు ఇక్కడి ధర కంటే చౌకగా దిగింది. కంపెనీ కష్టాల్లో పడింది. టారిఫ్ బోర్డు విచారణ జరిగి 1924లో ఉక్కు పరిశ్రమ రక్షణ చట్టం వచ్చింది. 1925 ఆగస్టులో గాంధీ ఈ ఊరు వచ్చినప్పుడు కార్మిక సంఘానికి గుర్తింపు విషయం కుదిరింది. 1927లో రక్షణను కొనసాగిస్తూనే బ్రిటిష్ ఉక్కుకు తక్కువ సుంకం వేశారు. 1928లో ఉద్యోగాల కోత మీద నెలల తరబడి సమ్మె, సుభాష్ చంద్రబోస్ రాక. సమ్మెను కార్మిక చరిత్రగా, సుంకాన్ని ఆర్థిక విధానంగా, బెల్జియం కరెన్సీని యూరప్ వ్యవహారంగా మూడు పేపర్లకు పంచితే విద్యార్థికి మూడింటిలోనూ మార్కులు వస్తాయి, కార్మికుడి జీతానికీ ఆ కరెన్సీకీ ఉన్న లంకె మాత్రం కనిపించదు.

సిద్ధాంతం విషయంలోనూ అంతే. 1648 వెస్ట్‌ఫేలియా ఒప్పందాలతో మొదలుపెట్టి సార్వభౌమత్వం విభజన లేనిదని బోధిస్తాం. ఇక్కడి నుంచి ఖర్కాయి వంతెన దాటితే ఆదిత్యపూర్. 1947 దాకా అది సరాయికెలా సంస్థానం. రాజున్నాడు, దర్బారుంది, విదేశాంగం లేదు. పైన బ్రిటిష్ పరమాధికారం. ఒక నది ఇటొడ్డున ఒక రకం పాలన, అటొడ్డున మరొక రకం. సార్వభౌమత్వం ఎన్ని ముక్కలుగా ఉండగలదో తెలుసుకోవడానికి వెస్ట్‌ఫేలియా దాకా పోనక్కరలేదు. ఆ ముక్కల్ని అతికించినప్పుడు ఏమైందో ఖర్సావా చెబుతుంది. 1948 జనవరి 1న సరాయికెలా, ఖర్సావా సంస్థానాల్ని ఒరిస్సాలో కలిపారు. ఆ రోజే, సంత రోజు, విలీనాన్ని వ్యతిరేకిస్తూ చేరిన ఆదివాసుల మీద ఒరిస్సా పోలీసులు కాల్పులు జరిపారు. అదే ఏడాది మేలో ఆ రెండింటినీ బీహార్‌కు మార్చారు. చనిపోయినవారు పదుల్లో అని అధికారిక లెక్క, వందలు వేలు అని జనం లెక్క. ఏ సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మాలి, జ్ఞాపకానికీ ప్రభుత్వ కాగితానికీ మధ్య ఎలా తూచాలి అన్న పాఠానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మన విద్యార్థులకు దొరకదు.

ఈ చదువు కూడు పెడుతుందా అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇంజనీరింగ్ పెట్టినంత త్వరగా పెట్టదు. దాన్ని దాచిపెట్టి, యూపీఎస్సీ ఐచ్ఛిక సబ్జెక్టుగా పనికొస్తుందని ఆశ చూపడం నాకిష్టం లేదు. కోచింగ్ నోట్సుగా మారిన చరిత్ర చదువే కాదు. కానీ ఇది అక్కరకు రాని చదువన్న మాటను మాత్రం ఒప్పుకోను. దిగుమతి ఉక్కు మీద కర్బన సుంకం వేయాలని బ్రసెల్స్‌లో నిర్ణయించారు, 2023 అక్టోబరులో లెక్కలు చెప్పే దశ మొదలైంది. 2024లో వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్‌లో ఇదే కంపెనీ బ్లాస్ట్ ఫర్నేసులు మూసేసింది. ఈ రెండు వార్తలకూ ఇక్కడి షాప్‌ఫ్లోరుకూ ఉన్న సంబంధాన్ని విడమరిచి చెప్పగలవాడు యూనియన్ ఆఫీసులోనూ కావాలి, పత్రికలోనూ కావాలి, కంపెనీలోనూ కావాలి. వి.వి. గిరి బరంపురంలో పుట్టి, డబ్లిన్‌లో చదివి, బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికుల్ని కూడగట్టి, 1927లో భారత కార్మికుల ప్రతినిధిగా జెనీవా అంతర్జాతీయ కార్మిక సమావేశానికి వెళ్ళారు. ఆయన చదివింది న్యాయశాస్త్రం. నడిచిన దారి మాత్రం ఈ మూడు చదువుల మీదుగానే.

అంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. మనం వలస వచ్చినవాళ్ళం. ఈ నేల హో, సంతాల్, భూమిజ్ ప్రజలది. ఇక్కడ తెలుగువాళ్ళ చరిత్ర అంటూ మొదలుపెడితే ముందున్నవాళ్ళ చరిత్రను కప్పేసినట్టు కాదా? అవుతుంది, రాములవారి గుడి ఎప్పుడు కట్టాం, నాటకాలు ఎన్ని ఆడాం, బడి ఎవరు పెట్టారు అన్న చోటనే ఆగిపోతే. మనియార్డరు మీద సాక్చి అని రాయడానికి ముందు సాక్చి ఒకరి పల్లె. అక్కడినుంచి మొదలుపెట్టాలి. దానికి మనకొక వెసులుబాటు కూడా ఉంది. ఆదివాసి భూమిని కాపాడటానికి ఇటు 1908లో ఛోటానాగపూర్ కౌలు చట్టం వచ్చింది, అటు గంజాం, విశాఖ ఏజెన్సీల కోసం 1917లో భూబదిలీ చట్టం వచ్చింది. ఆదివాసి భూముల మీద సమత కేసులో 1997 నాటి సుప్రీంకోర్టు తీర్పు కూడా విశాఖ ఏజెన్సీదే. రెండు చోట్లా చట్టం ఉండగానే భూమి ఎలా చేతులు మారిందో పోల్చి రాయగల విద్యార్థి, రెండు ఊళ్ళ భాషా వచ్చిన ఇంట్లో పుట్టినవాడైతే పని కొంత సులువు. ఇటు హో భాష నేర్చుకోకుండా ఆ పోలిక పూర్తి కాదన్నదీ నిజమే. మనం తెలుగు నిలుపుకోవాలని పట్టుబట్టినంతగా ఆ మాట అనం.

పని ఎక్కడ మొదలవుతుందంటే, సాక్చిలోనే కరీం సిటీ కాలేజీ ఉంది, పైన చాయిబాసాలో కొల్హాన్ విశ్వవిద్యాలయం ఉంది, ఊళ్ళో కంపెనీ ఆర్కైవ్స్ ఉన్నాయి. మిగిలిన కాగితాలు పట్నా, భువనేశ్వర్, కోల్‌కతా, చెన్నై ఆర్కైవ్స్‌లో చెదిరి ఉన్నాయి. అవి ఎక్కడికీ పోవు. పోయేవి మన ఇళ్ళలో ఉన్నవి: తాతల జీతం చీటీలు, యూనియన్ చందా రసీదులు, మనియార్డరు కూపన్లు, సమాజాల మినిట్స్ పుస్తకాలు. ఎమ్మే చివరి ఏడాది డిసర్టేషన్‌కు ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క బస్తీ అప్పగించి, ముందు పెద్దవాళ్ళ వాఙ్మూలాలు రికార్డు చేయించి, ఆ కాగితాలకు ఫొటోలు తీయించి జాబితా వేయిస్తే ఈ సభ చేయగల పనిలో సగం అయినట్టే. ఆ జాబితాకు ఏ అధ్యాపకుడు పూచీ వహిస్తాడో, ఖర్చుకు ఏ సమాజం ముందుకొస్తుందో సాయంత్రం కార్యవర్గ సమావేశంలో తేల్చమని కోరుతున్నాను.