తరగతి గదిలో తోటివాడి హక్కు

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే చెందుతాయి. దైవప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు వర్షించుగాక!



ఏటా జూన్‌లో బడులు తెరిచినప్పుడు ఆరవ తరగతిలో చేరే పిల్లలు పెద్ద మార్పును ఎదుర్కొంటారు. అంతవరకు చాలామంది చదివింది తమ ఊరి ప్రాథమిక పాఠశాలలో. అక్కడ పంతులుగారికి పిల్లవాడి పేరే కాదు, వాడి ఇంటి స్థితి కూడా తెలుసు. ఇప్పుడు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, లేదా గురుకులం. పాఠానికొక ఉపాధ్యాయుడు, చుట్టూ కొత్త ముఖాలు. "ఇక్కడ నేనెవరికి కావాలి?" అనే ప్రశ్న ఆ పసి మనసులో పుడుతుంది. జవాబు దొరకని పిల్లవాడు మొదట మౌనం వహిస్తాడు, తరువాత కడుపునొప్పి అంటాడు, చివరకు బడి మానేస్తాడు. మనమేమో "వాడికి చదువు అబ్బలేదు" అని తేల్చివేస్తాం.

మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల బడులను చూడండి. తండా నుంచి వచ్చిన లంబాడా బిడ్డ, అటవీ గ్రామపు కోయ బిడ్డ, సింగరేణి కార్మికుని బిడ్డ, మన బిడ్డ ఒకే బల్లపై కూర్చుంటారు. ఇంట్లో ఒకరిది గోర్ బోలీ, ఒకరిది కోయ, ఒకరిది ఉర్దూ, ఒకరిది తెలుగు. భాషల్లోను, రంగుల్లోను ఉన్న ఈ వైవిధ్యాన్ని అల్లాహ్ సూరె రూమ్ 22వ ఆయత్‌లో తన సూచనల్లో ఒకటిగా పేర్కొన్నాడు. అల్లాహ్ సూచన అన్నదానిని ఎగతాళి చేసే హక్కు ఎవరికుంది?

సూరె హుజురాత్ 11వ ఆయత్ పరిహాసాన్ని, ఎత్తిపొడుపును, చెడ్డపేర్లతో పిలవడాన్ని నిషేధించింది. ఆ ఆజ్ఞ ఎవరిని సంబోధిస్తోంది? విశ్వాసులను. కనుక "మా వాణ్ణి ఎవరు వెక్కిరించారు?" అని అడిగే ముందు "మా వాడు ఎవరిని వెక్కిరించాడు?" అని అడగడం మన బాధ్యత. మన బిడ్డ గాయపడితే నొచ్చుకునే మనసు, మన బిడ్డ మాటతో మరొకరి బిడ్డ గాయపడినప్పుడూ నొచ్చుకోవాలి.

దైవప్రవక్త (స) పిల్లల పట్ల ఎలా మెలిగారు? పదేళ్లు సేవచేసిన హజ్రత్ అనస్ (రజి) తనను ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదని తెలిపారు. అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ పెంచుకున్న పిట్ట చనిపోతే, ఆయన (స) ఆ పసివాణ్ణి పలకరించి పిట్ట సంగతి అడిగారు. పిల్లలు ఎదురైతే తామే ముందుగా సలాం చేసేవారు. నేర్చుకోవాలని వచ్చిన అంధుడైన సహచరుని విషయంలో సూరె అబస అవతరించింది. తపనతో వచ్చినవాడు ఎవరైనా, అతని వైపు ముఖం తిప్పాలన్నది అందులోని పాఠం.

ఈ పాఠం మన మక్తబ్‌లకూ వర్తిస్తుంది. ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబాలు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. ఉర్దూ రాదని ఆ బిడ్డను నవ్వులపాలు చేస్తే, బడిలో ఒకసారి, మస్జిద్‌లో మరొకసారి వాడు పరాయివాడవుతాడు. ఇక వాడికి మిగిలిన చోటేది? కలిమా అర్థాన్ని తెలుగులో విప్పి చెప్పడం వల్ల ధర్మానికి లోటు రాదు.

సోదరులారా! ఈ వారం మూడు పనులు చేద్దాం. సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే మార్కులు కాదు, "మధ్యాహ్నం ఎవరితో కలిసి తిన్నావు?" అని అడుగుదాం. ఒంటరిగా కూర్చున్న వాడి పక్కన కూర్చొమ్మని చెబుదాం. వాడు ఏ మతం వాడైనా సరే. మూడవది, బడికి వెళ్దాం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననే కాక మానసిక వేధింపును కూడా నిషేధించింది. 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే. మొత్తం సభ్యుల్లో సగం స్త్రీలు. ఆ కుర్చీలను ఖాళీగా వదలకండి. ఉపాధ్యాయులతో మర్యాదగా మాట్లాడండి. వారు మన ప్రత్యర్థులు కారు, మన బిడ్డల సంరక్షణలో భాగస్వాములు. బిడ్డ ఆపదలో ఉంటే 1098 నంబరుకు ఫోన్ చేయవచ్చని ఇంట్లో అందరికీ తెలియజేయండి.

ఓ అల్లాహ్! మా బిడ్డల నాలుకలను పరుల హృదయాలు గాయపరచకుండా కాపాడు. ఏ బిడ్డా తాను అక్కరలేనివాణ్ణని తలచుకుంటూ బడి గడప దిగకుండా చూసే బాధ్యతను నెరవేర్చే శక్తిని మాకు ప్రసాదించు. ఆమీన్.