వేప నూనె, నీళ్ళు, నడుమ సబ్బు

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో జీవనోపాధుల ఉప సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపులు, బ్యాంకు లింకేజీ, రికవరీల లెక్కలు ఇంతకు ముందే విన్నారు. మేము మాట్లాడబోయే విషయం వాటి పక్కన చిన్నదిగా కనిపిస్తుంది. అది సబ్బు. సబ్బు గురించి మనకు కొత్తగా చెప్పేదేముంది, రోజూ గిన్నెలు తోమేది మనమే కదా అనుకోవచ్చు. కానీ ఈ సబ్బు గిన్నె దగ్గరే ఆగదు. మిరప తోటలో కొట్టే వేప నూనె పని చేయడం, చేయకపోవడం కూడా చాలా వరకు దీని మీదే ఆధారపడి ఉంది. మన అప్పు తీరేది పంట డబ్బుతోనే కాబట్టి, ఇది రికవరీకి సంబంధించిన మాట కూడా.

మన ప్రాంతానికి మిరప, పత్తి ప్రాణం. మానుకోట, ఖమ్మం మార్కెట్లకు ఈ చేల నుంచీ బస్తాలు పోతాయి. 2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు వచ్చి ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్ జిల్లాల మిరప తోటలను ఏం చేసిందో ఎవరూ మర్చిపోలేదు. పూతలో దూరి పూత రాల్చింది. రైతులు మందు మీద మందు కొట్టారు, మందుల షాపులో ఖాతా పెరిగింది, చివరికి తోటలు దున్నేసిన వాళ్ళున్నారు. ఆ మందు కొట్టేటప్పుడు నీళ్ళు మోసేది మనం. కొట్టిన తోటలో కలుపు తీసేది, కాయ ఏరేది మనం. అందుకే మందు ఖర్చు తగ్గాలన్నా, ఒంటి మీద పడే విషం తగ్గాలన్నా ముందు మాట్లాడాల్సింది మనమే.

వేప నూనె మాట ఎత్తితే చాలామంది అనేది ఒకటే: "మేమూ కొట్టినం, ఏం పని చెయ్యలే." ఈ మాటను తేలిగ్గా తీసేయలేం. వేపకు కొన్ని హద్దులు ఉన్నాయి, అవి తర్వాత చెప్తాం. కానీ ముందు ఒక ప్రశ్న అడగాలి. ఆ నూనె నీళ్ళలో కలిసిందా?

పులుసు మీద నూనె తేలినట్టు పంపులో నీళ్ళ మీద వేప నూనె తేలుతుంది. నీటి కంటే నూనె తేలిక, పైగా రెండింటికీ పొత్తు కుదరదు. కర్రతో ఎంత తిప్పినా చేయి ఆపగానే విడిపోతుంది. అలా విడిపోయిన పంపుతో కొడితే మొదట్లో ఉత్త నీళ్ళు పడతాయి, అడుగుకు వచ్చేసరికి ఉత్త నూనె పడుతుంది. మొదటి సాళ్ళలో పురుగు చావదు, చివరి సాళ్ళలో ఆకు మాడుతుంది. చూసినవాళ్ళు నింద వేప మీద వేస్తారు. కలపకుండా కొట్టిన నూనెకు వేరే ఫలితం ఎలా వస్తుంది?

ఈ రెండింటినీ కలిపే పదార్థాన్ని ఎమల్సిఫైయర్ అంటారు. నీళ్ళను ఆకు మీద పరిచే గుణాన్ని బట్టి దాన్నే సర్ఫాక్టెంట్ అని కూడా అంటారు. మందుల షాపులో "జిగురు మందు", "స్ప్రెడర్" అని అడిగితే ఇచ్చేవి చాలా వరకు ఈ జాతివే. సబ్బు, సర్ఫ్ పొడి, కుంకుడు రసం కూడా ఈ జాతివే. ఇది పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిది. దీని అణువుకు ఒక తల, ఒక తోక ఉంటాయి. తల నీటిని పట్టుకుంటుంది, తోక నూనెను పట్టుకుంటుంది. నూనె చిన్న చిన్న బొట్లుగా విడిపోయినప్పుడు ఈ అణువులు ప్రతి బొట్టు చుట్టూ చేరతాయి. తోకలు నూనె లోపలికి, తలలు బయట నీళ్ళ వైపుకు. అప్పుడు ఒక బొట్టు ఇంకో బొట్టుతో కలిసి పెద్దది కాలేదు. నీళ్ళు పాల లాగా తెల్లబడతాయి. పాలు తెల్లగా ఉండడానికి ఇదీ ఒక కారణం. పాలలో వెన్న సన్నటి బొట్లుగా ఉంటుంది, ప్రతి బొట్టు చుట్టూ ఒక పొర ఉంటుంది. కవ్వంతో చిలికినప్పుడు ఆ పొర చెదిరి బొట్లు ఒకటై వెన్న పైకి తేలుతుంది. చిలకడం అంటే కలిసినదాన్ని విడదీయడం. మనం తోటలో చేయాల్సింది దానికి తిరగేసిన పని.

రెండో గుణం ఆకు మీద కనిపిస్తుంది. నీటి చుక్క ఎప్పుడూ గుండ్రంగా ముడుచుకోవాలని చూస్తుంది. దీన్ని తలతన్యత అంటారు. మామూలు నీటికి ఇది 72 యూనిట్ల దగ్గర ఉంటుంది. సబ్బు కలిస్తే 30 దగ్గరికి పడిపోతుంది. మిరప ఆకు మీద సన్నటి మైనం పొర ఉంటుంది కాబట్టి ఉత్త నీటి చుక్క జారి కింద పడుతుంది. సబ్బు కలిసిన చుక్క పరుచుకుని ఆకును తడుపుతుంది. పై ముడత తెచ్చే తామర పురుగులు, కింది ముడత తెచ్చే నల్లి ఆకు అడుగున, ముడతల్లో దాక్కుంటాయి. మందు అక్కడి దాకా పారకపోతే ఎంత ఖరీదైన మందైనా దండగే.

ఇప్పుడు కొలతలకు వద్దాం. ఇవి వీవోఏలు రాసుకుంటే మంచిది.

వేప నూనె లీటరు నీటికి 5 మి.లీ., సబ్బు పొడి 1 గ్రాము. 15 లీటర్ల పంపుకు 75 మి.లీ. నూనె, 15 గ్రాముల పొడి. పెరిగిన మిరప తోటకు ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు పడితే నూనె ఒక లీటరు, పొడి 200 గ్రాములు. ఇక వేప గింజల కషాయమైతే 5 కిలోల గింజ పప్పు పొడిని పల్చటి గుడ్డలో మూట కట్టి 10 లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున మూటను బాగా పిండి, వడగట్టి, 100 గ్రాముల సబ్బు పొడి కలిపి, మొత్తం 100 లీటర్లు చేసుకోవాలి.

కొలత ఎంత ముఖ్యమో కలిపే వరుస కూడా అంతే ముఖ్యం. డ్రమ్ము నిండా నీళ్ళు పోసి, దాని మీద నూనె పోసి, ఆఖరున సబ్బు చల్లితే కలవదు. ముందు సబ్బు పొడిని కొద్ది నీళ్ళలో కరిగించాలి. అందులో నూనె కొద్దికొద్దిగా పోస్తూ చిక్కటి పాలలా అయ్యేదాకా తిప్పాలి. ఆ తర్వాతే మిగతా నీళ్ళు పోయాలి.

కలిసిందో లేదో తెలుసుకోవడానికి సీసా పరీక్ష చేయండి. గాజు సీసాలో ఆ కలిపిన మందు పోసి అరగంట కదపకుండా పెట్టండి. అంతా ఒకే రకంగా తెల్లగా ఉంటే కొట్టొచ్చు. పైన నూనె పొర తేలితే ఆ మందు తోటలోకి పోకూడదు. సబ్బు ఇంకొంచెం కరిగించి మళ్ళీ తిప్పి, మళ్ళీ చూడాలి. సబ్బు పెంచితే మొదట్లో మేలు జరుగుతుంది, ఒక హద్దు దాటాక ఎంత వేసినా తలతన్యత ఇంక తగ్గదు. ఆకు మాత్రం మాడుతుంది. కాబట్టి కొత్త సబ్బుతో కలిపినప్పుడు ముందు నాలుగైదు మొక్కల మీద కొట్టి, రెండు రోజులు చూసి, తర్వాతే తోటంతా కొట్టండి.

మన దగ్గర ఇంకో చిక్కుంది, బోరు నీళ్ళు. చాలా ఊళ్ళల్లో బోరు నీళ్ళలో బట్టల సబ్బు నురగ రాదు, తెల్లటి పెరుగు ముక్కల్లా విరిగిపోతుంది. నీటిలోని సున్నం సబ్బును పట్టేసుకోవడం వల్ల అలా జరుగుతుంది. విరిగిన సబ్బు నూనెను పట్టదు, పైగా పంపు నాజిల్‌కు అడ్డం పడుతుంది. అలాంటి చోట బార్ సబ్బు తురుము వద్దు. డిటర్జెంట్ పొడి గానీ, కుంకుడు రసం గానీ వాడండి. కుంకుడులో ఉండే సపోనిన్ సున్నపు నీటిలో కూడా అంతగా విరగదు. తలంటుకు కుంకుడు రసం తీసిన చేతులే మనవి, తోట కోసం తీయడం మనకు కొత్త కాదు. ఒక జాగ్రత్త ఉంది. కుంకుడు రసమైనా, సర్ఫ్ నీళ్ళైనా చేపలకు విషమే. పంపు కడిగిన నీళ్ళు చెరువులో, కుంటలో పోయొద్దు.

సాయంత్రం పూటే కొట్టండి. వేపలో పని చేసే అజాడిరక్టిన్ ఎండకు త్వరగా చెడిపోతుంది. కలిపిన మందు మర్నాటికి దాచొద్దు.

ఇప్పుడు వేప హద్దులు. వేప తాకగానే పురుగు గిలగిలా కొట్టుకుని చావదు. వేప తగిలిన పురుగు సరిగా తినదు, సరిగా పెరగదు, గుడ్లు తక్కువ పెడుతుంది. అందుకే పురుగు తక్కువగా ఉన్నప్పుడే మొదలుపెట్టి, వారం పది రోజులకోసారి కొడితేనే ఫలితం. నల్ల తామర పురుగు పూత నిండా నిండిపోయాక ఒక్క వేప నూనెతో ఆగదు. నీలం రంగు జిగురు అట్టలు, పొలం గట్ల శుభ్రం, పంట మార్పిడి అన్నీ కలిస్తేనే అదుపు. ఈ సంగతి దాచి నూనె అమ్మితే ఒక సీజన్ అమ్ముకుంటాం, రెండో సీజన్‌కు మన మాట ఎవరూ నమ్మరు.

ఇది అయ్యే పనేనా అని అడిగేవాళ్ళకు రెండు ఊళ్ళ పేర్లు చెప్తాం. పాల్వంచ దగ్గర పునుకుల గ్రామం 2000 తర్వాతి తొలి ఏళ్ళలో పురుగు మందులు మానేసింది. అక్కడ ముందు నిలబడినవి మహిళా సంఘాలు. వేప గింజలు పొడి చేసే పని కూడా వాళ్ళే చేతిలోకి తీసుకున్నారు. మన పక్క జనగామ జిల్లా లింగాల ఘనపూర్ మండలంలోని ఏనబావి చిన్న ఊరు. అది రసాయన ఎరువులు, పురుగు మందులు రెండూ వదిలేసి పేరు తెచ్చుకుంది. ఆ రోజుల్లోనే సెర్ప్ మన లాంటి సమాఖ్యల ద్వారా పురుగు మందులు లేని వ్యవసాయాన్ని జిల్లాలకు తీసుకెళ్ళింది. వాళ్ళవీ మన లాంటి చేలే, మన లాంటి అప్పులే.

ఇదే తెలివి ఇంకో ఆదాయానికీ పనికొస్తుంది. తెల్ల ఫినాయిల్ అంటే పైన్ ఆయిల్‌ను ఎమల్సిఫైయర్‌తో నీటిలో కలిపినదే. బకెట్ నీళ్ళలో పోయగానే పాలలా విరబూస్తే మంచి సరుకు, నూనె చుక్కలు తేలితే కల్తీ గానీ, తప్పుడు కొలత గానీ. గిన్నెలు తోమే లిక్విడ్‌కు వాడే యాసిడ్ స్లర్రీ కూడా సర్ఫాక్టెంటే. అది పుల్లటి ఆమ్లం, కాస్టిక్ సోడాతో విరిచాకే వాడాలి. కాస్టిక్‌ను నీళ్ళలో కొద్దికొద్దిగా వేయాలి, కాస్టిక్ మీద నీళ్ళు ఎప్పుడూ పోయకూడదు, చిమ్మి ముఖం మీద పడుతుంది. గ్లౌజులు, కళ్ళద్దాలు లేకుండా ఏ సంఘమూ ఈ పని మొదలుపెట్టొద్దు. పిల్లలు తిరిగే వంటింట్లో అసలే వద్దు. తయారైన లిక్విడ్‌ను పీహెచ్ కాగితంతో చూసి, ఏడుకు దగ్గరగా ఉంటేనే సీసాలో నింపాలి. కొనేది మన చెల్లెళ్ళే, కాలేది వాళ్ళ చేతులే.

అమ్మకం గురించి ఒక మాట. వేప నూనెను సంఘ సభ్యుల తోటల కోసం తీసుకోవడం, పంచుకోవడం ఒక పద్ధతి. "పురుగు మందు" అని లేబుల్ వేసి బజార్లో అమ్మడం వేరు. దానికి 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద రిజిస్ట్రేషన్, లైసెన్సు కావాలి. ఎవరో లేబుళ్ళు అచ్చేసి ఇస్తామంటే తొందరపడి సంతకం పెట్టొద్దు. ముందు మన తోటలకు సరిపడా చేసుకుందాం. 40 ఎకరాల మిరప ఉన్న తండాకు ఒక తడవకు 40 లీటర్ల నూనె కావాలి. నాలుగు తడవలకు 160 లీటర్లు. ఇది చిన్న పనేమీ కాదు.

చివరగా, వచ్చే ఏడాదికి మా ఉప సంఘం మూడు పనులు మీ ముందు పెడుతోంది. ఆమోదిస్తే మినిట్స్ పుస్తకంలో రాయించండి.

ఒకటి, జూన్, జూలైలో వేప పండ్లు రాలేటప్పుడు ప్రతి గ్రామైక్య సంఘం గింజ సేకరించాలి. గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, గోనె సంచుల్లో దాచాలి. బూజు పట్టిన గింజ తీసుకోవద్దు. ఈ మధ్య వేప చెట్లు కొమ్మలు ఎండిపోయి కాపు తగ్గుతోంది, కాబట్టి ఉన్న గింజ వృథా కానీయొద్దు.

రెండు, మిరప నాటక ముందే ప్రతి ఊళ్ళో ఆ ఊరి బోరు నీళ్ళతోనే సీసా పరీక్ష చేసి, ఏ సబ్బు ఎంత వేస్తే కలిసిందో సంఘం గోడ మీద రాయాలి. ఒక ఊరి కొలత ఇంకో ఊరికి సరిపోకపోవచ్చు.

మూడు, వేప కొట్టిన సభ్యురాలి తోటకూ, కొట్టని తోటకూ మందు ఖర్చు ఎంతైందో రిజిస్టరులో రాయాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో మేము నోటి మాటగా కాకుండా ఆ లెక్క చదివి వినిపిస్తాం. లాభం వస్తే లాభం, రాకపోతే ఎందుకు రాలేదో కూడా చదువుతాం.

 బయట బల్ల మీద మూడు సీసాలు పెట్టాం. ఒకదాంట్లో ఉత్త నూనె, నీళ్ళు. ఒకదాంట్లో బార్ సబ్బు కలిపినది. ఒకదాంట్లో కుంకుడు రసం కలిపినది. మూడింటికీ నీళ్ళు ఒకే బోరువి. భోజనానికి పోయే ముందు ఒకసారి చూసి, మీ ఊరి నీళ్ళు ఎలాంటివో మాకు చెప్పి వెళ్ళండి. సెలవు.