తుమ్మకాయ, సుబాబుల్ ఆకు: మేకకు ఎంతవరకు మేలు?

(మార్కాపురం, గిద్దలూరు ప్రాంత పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘంలో మేకల ప్రసక్తి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. వానలు తక్కువైన మన పడమటి ప్రాంతంలో గేదె వట్టిపోయిన నెలల్లో ఇంటి ఖర్చుకు ఆదుకునేది మేకే గదా! దాని జీర్ణశక్తికి మూలికా పొడులు కొనేముందు మన చేల గట్ల మీద ఏమున్నదో చూద్దాం.

నల్లతుమ్మ కాయ కొరికితే నోరంతా వగరు. ఆ వగరు టానిన్లు అనే పదార్థాలది. మేక మొదటి పొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు మేతను పులియబెడతాయి. మనం డబ్బు పోసి కొన్న చెక్కలోని మాంసకృత్తులు చాలావరకు అక్కడే విరిగిపోతాయి. కొద్దిగా టానిన్ ఉంటే వాటిని పట్టి ఉంచి, నాలుగో పొట్టలోని ఆమ్లం తగిలాక వదులుతుంది. అప్పుడవి పేగుల్లో ఒంటబడతాయి. నట్టల ఉధృతి కూడా కొంత తగ్గుతుంది. ఎండు మేత లెక్కన టానిన్ 2 నుండి 4 శాతం ఉంటే మేలు. 5 శాతం దాటితే ఆకలి చచ్చి, అరుగుదల మందగిస్తుంది. దీన్ని ఇంట్లో తూచలేం కాబట్టి తుమ్మకాయలతోనే కడుపు నింపక కందిపొట్టు, ఎండుగడ్డి కలిపి పెట్టండి.

ఇక సుబాబుల్. కాగితపు మిల్లుల కోసం ప్రకాశం ప్రాంతంలో విస్తారంగా వేశారు. ఆకులో మాంసకృత్తులు పుష్కలం, కాని మైమోసిన్ అనే విషం కూడా ఉంది. అతిగా తింటే వెంట్రుకలు రాలతాయి, గొంతు గ్రంథి వాస్తుంది, చూలు నిలవకపోవచ్చు. ఆస్ట్రేలియాలో పశువులు ఇలాగే బాధపడుతుంటే, హవాయి దీవుల మేకలు అదే ఆకు తిని నిక్షేపంగా ఉన్నాయి. రేమండ్ జోన్స్ అనే శాస్త్రజ్ఞుడు 1980ల మొదట్లో ఆ మేకల పొట్టలోని సూక్ష్మజీవులను ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించగా విషం విరిగింది. ఆ సూక్ష్మజీవికి 1992లో ఆయన పేరే కలిపి సినర్జిస్టెస్ జోనెసై అన్నారు. విరుగుడు సీసాలో కాదు, మేక కడుపులోనే దొరికిందన్నమాట!

కనుక సంతలో కొన్న మేకకు మొదటిరోజే సుబాబుల్ మండలు వేయకండి. వారం పదిరోజులు కొద్దికొద్దిగా పెంచండి. ఎంత అలవాటైనా మొత్తం మేతలో మూడో వంతు మించనీయకండి, చూలు మేకకు ఇంకా తగ్గించండి.

మందు ప్యాకెట్లన్నీ పనికిరావని నేననను. ఏ ఆకు ఎంత పాలు కలిసిందో రాయని ప్యాకెట్టును మాత్రం కొనవద్దంటాను.

మరొక్క మాట, ముఖ్యంగా మేకలను చూసుకునే అక్కచెల్లెళ్లకు. పక్షానికోసారి మేక కింది కంటిరెప్ప వంచి చూడండి. ఎర్రగా ఉంటే భయం లేదు. తెల్లగా పాలిపోతే రక్తం పీల్చే నట్టలు చేరి ఉండవచ్చు. అప్పుడు ఏ ఆకూ చాలదు. పెంటికలు పొట్లం కట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి పరీక్ష చేయించండి. మేక బరువు చెప్పి, దానికి తగిన మోతాదులో నట్టల మందు తాగించండి.