పల్లెవారి కనువైన వేళ



మా వినుకొండకు ఆ పేరెట్లు వచ్చినదని యడిగినచో మా ప్రాంతమున పసిపిల్లవాడైనను చెప్పును. రావణుడు సీతమ్మను గొనిపోయిన వార్తను శ్రీరాముడు ఈ కొండమీదనే వినెనట. విన్న కొండ గనుక వినుకొండ. చరిత్ర పరిశోధకులు దీని నంగీకరించినను అంగీకరింపకున్నను, ఊరి పేరులోనే వినుట యున్నది గనుక, వినువారి కష్టసుఖములను గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు నాకు కొంత హక్కు కలదని భావించుచున్నాను.

రేడియోలోను టెలివిజనులోను మన తెలుగునకు ఎన్ని గంటలు దొరకుచున్నవని లెక్కించువారు కలరు. ఏ గంటలు దొరకుచున్నవని విచారించువారు అరుదు. సేద్యము చేయువానికి ఈ రెండవదియే ముఖ్యము. కార్తెలో కురిసిన వానయే వాన. కార్తె దాటిన పిమ్మట చెరువులు తెగునంత కురిసినను విత్తనమునకు పనికిరాదు గదా!

మొదట రేడియో మాట చెప్పెదను. మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రము 1938వ సంవత్సరము జూన్ 16వ తేదీన ప్రారంభమైనది. తమిళమునకును తెలుగునకును అది యొక్కటే కేంద్రము. ఉమ్మడి కాపురములో తోడికోడండ్రు పొయ్యిని పంచుకొన్నట్లు, ఒకరి వంతు ముగిసిన తరువాత మరియొకరి వంతు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము వెలసిన తరువాత మన పొయ్యి మనకు వచ్చినది. వినుకొండలో 1895లో జన్మించిన మహాకవి జాషువ గారు 1957 మొదలు 1959 వరకు మద్రాసు కేంద్రములో కార్యక్రమ నిర్వాహకులుగా నుండిరి. ఆ సంగతి చెప్పకుండ ఈ ఊరివాడెవ్వడును రేడియోను గూర్చి మాటాడడు, నేనును చెప్పితిని.

నేను పాఠశాలలో చదువుకొనుచుండగా మా గ్రామ పంచాయతీకి ఒక రేడియో పెట్టె వచ్చినది. పెట్టెను కార్యాలయములో నుంచి, వెలుపలి వేపచెట్టు కొమ్మకు లౌడుస్పీకరు కట్టిరి. సాయంకాలము పంచాయతీ బంట్రోతు తాళము తీయవలెను. అతడు మరచినచో ఆనాటికి లోకములో వార్తలు లేనట్లే. ఆకాశవాణివారు అప్పుడు ప్రకటించుచుండిన ‘వాణి’ పత్రికలో ఏ దినమున ఏ వేళకు ఏ కార్యక్రమమో ముందుగనే అచ్చుపడెడిది. మా పాఠశాల పంతులుగారు దానిని తెప్పించి, సేద్యమునకు సంబంధించిన వాని క్రింద ఎఱ్ఱసిరాతో గీతలు గీచి, పంచాయతీ గోడకు అంటించెడివారు. మా నాయనకు అక్షరములు రావు గాని ఎఱ్ఱగీత తెలియును. గీత యున్ననాడు పెందలకడ అరక విప్పి ఇంటికి వచ్చెడివాడు. ముందుగా తెలిసిన వేళకు మనిషి తన పనిని సర్దుకొనగలడు.

మధ్యాహ్నపు వేళ స్త్రీల కార్యక్రమము వచ్చెడిది. మంచి కార్యక్రమమే. ఐనను మిరపకోతల కాలమున ఆ వేళకు మా యమ్మ చేనిలో నడుము వంచి కాయలు కోయుచుండెడిది. ఆమెయే కాదు, మా వాడలో పనిచేయగల స్త్రీలందరును చేలలోనే. ఆ వేళ నేర్పరచినవారు, వంటపని ముగించుకొని తీరికగా చాపమీద కూర్చుండు పట్టణపు గృహిణిని మనస్సులో నుంచుకొనిరని తోచును. అది స్త్రీల కార్యక్రమమని పేరే గాని మా యమ్మ దానిని విన్నది పండుగ దినములలోనే.

ఇక టెలివిజను. అది మన రాష్ట్రమునకు వింత త్రోవను వచ్చినది. పట్టణములకంటె ముందు పల్లెలకు వచ్చినది. అమెరికావారి ఉపగ్రహము నొకదానిని ఎరవు తెచ్చి 1975 ఆగష్టు 1వ తేదీ మొదలు 1976 జూలై 31వ తేదీ వరకు ఆరు రాష్ట్రములలో రమారమి 2,400 గ్రామములకు కార్యక్రమములను చూపిరి. ఆంధ్రప్రదేశ్ అందొకటి. తీగవలతో చేసిన పదియడుగుల గొడుగును ఇంటికప్పుపై నిలిపి ఆకాశమునుండి బొమ్మలను పట్టిరి. తెలుగువారికి తెలుగులో కొంత, అందరికిని పొత్తుగా హిందీలో కొంత. సంవత్సరము నిండగానే ఉపగ్రహము తన దారిని తాను పోయినది. 1977లో హైదరాబాదున దూరదర్శన కేంద్రము ఏర్పడినది.

1982 ఆగష్టు 15వ తేదీన ఢిల్లీనుండి జాతీయ కార్యక్రమము ప్రారంభమైనది. రాత్రి 8 గంటల 40 నిమిషములు కాగానే దేశములోని కేంద్రములన్నియు తమ తమ భాషలను కట్టిపెట్టి ఢిల్లీ కార్యక్రమమును అందుకొనవలెను. అది హిందీలోను ఇంగ్లీషులోను ఉండెడిది. దేశమంతయు ఒక్కటిగా ఒక్కదానిని చూడవలెనను కోరిక తప్పని నేననను. కాని వేళ చూడుడు. మా వైపు రైతు ప్రొద్దుగ్రుంకిన తరువాత ఇల్లు చేరును. పశువులను కట్టి, మేతవేసి, పాలు పితికి, నీళ్లు పోసికొని, అన్నము తిని అరుగుమీదికి వచ్చుసరికి ఎనిమిదిన్నర. తెలుగు ముగియుటకు పది నిమిషములు. సాయంకాలమంతయు తెలుగే యుండినదని కాగితముమీద లెక్క చూపవచ్చును. ఆ లెక్కలో మాకు వచ్చినది ఆ పది నిమిషములే. ఇదియు హైదరాబాదు కార్యక్రమములు అందిన ఊళ్ల మాట. 1984 ప్రాంతమున అనేక పట్టణములలో నెలకొల్పిన చిన్న ప్రసారయంత్రములు ఢిల్లీనే అందించెడివి. వానికి హైదరాబాదు తెలుగు అందుటకు మరికొన్ని సంవత్సరములు పట్టినది.

ఆ సంవత్సరములు మాకు మంచివి కావు. 1984-85 మొదలుకొని గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిచేలను తెల్లదోమ పీల్చి పిప్పి చేసినది. ఆకు అడుగున పిండి చల్లినట్లుండెడిది. చేయి తగిలినచో తెల్లని పొగవలె లేచెడిది. నాకు అప్పుడు నాలుగెకరముల పత్తి. తెల్లదోమను గూర్చి శాస్త్రజ్ఞుడొకరు రేడియోలో మాటాడుదురని తెలిసి, ఆనాడు ముందుగా పొలమునుండి వచ్చి, నా ట్రాన్సిస్టరు చుట్టు ఇరుగుపొరుగువారిని కూర్చుండబెట్టుకొంటిని. వేళయైనది. ప్రసంగమునకు మారుగా దూరదేశమున జరుగుచుండిన క్రికెట్టు ఆట వర్ణనము వచ్చినది. ఆట ముగియగనే వేయుదురని ఆగితిమి, వేయలేదు. మరునాడు వేయుదురని మరునాడును కూర్చుంటిమి, వేయలేదు. అది ఏ కేంద్రమో చెప్పను. ఆ ఆటలో గెలిచిన వారెవ్వరో నాకిప్పటికిని తెలియదు.

పురుగుమందుల అంగడివాడు మాత్రము వేళ తప్పడు. తెల్లవారుజామున తలుపు తట్టినను లేచును, అప్పిచ్చును, తెలుగులో చెప్పును. రెండు మందులు కలిపి కొట్టుమనెను, కొట్టితిని. మూడు కలుపుమనెను, కలిపితిని. ఆ పంటమీద పదునాలుగు మార్లు కొట్టితిని. అప్పుడు క్రొత్తగా వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను విచ్చలవిడిగా చల్లుటచేత, తెల్లదోమను తినెడి మేలు పురుగులు నశించి దోమయే పెచ్చుపెరిగినదని శాస్త్రజ్ఞులు తరువాత చెప్పిరి. నేను కొన్నది మందు కాదు, దోమకు మేత. ఆ యేడు నా ఎడ్లజత అమ్ముడుపోయినది. నాకంటె పెద్ద అప్పులలో మునిగినవారు, 1987, 1988 సంవత్సరములలో ఈ రెండు జిల్లాలలోనే, ఆ మందునే త్రాగి ప్రాణములు తీసికొనిరి. వారిలో కొందరి ఇండ్లకు నేను పోయి కూర్చుంటిని.

ఆనాటి ప్రసంగము విన్నచో ఇదంతయు తప్పియుండెడిదని నేననను. విన్నను నేను నమ్మి మందు మానుదునో, మానకపోదునో! మనిషి భయములో నున్నప్పుడు ఏమియు చేయవలదను మాట చెవికెక్కదు. కాని వినుటయైనను జరుగలేదు.

ఆ 1987 జనవరిలోనే ఆదివారము ఉదయము ఢిల్లీ నుండి రామాయణము ప్రారంభమైనది. హిందీ తెలియని పల్లెలు ఇంటిల్లిపాది వచ్చి చూచినవి. మా వీధిలో నొక ముసలమ్మ టెలివిజను పెట్టెకు బొట్టుపెట్టి హారతి యిచ్చెడిది. భాష అడ్డము కాలేదని కొందరు దీనిని నిదర్శనముగా చూపిరి. అయ్యా, రామకథ ఆమెకు పుట్టుకతో తెలియును; మూగవారు ఆడి చూపినను తెలియును. ఎకరమునకు ఎన్ని ట్యాంకుల నీళ్లు, ఎన్ని చుక్కల మందు అను మాట పుట్టుకతో తెలియునా?

ఇట్టి చిక్కు మనకే వచ్చినదని యనుకొనవలదు. ఇంగ్లండు ప్రక్కనే వేల్సు అను చిన్న దేశము కలదు. వారిది ఇంగ్లీషు గాక వేరు భాష. 1981 జనాభా లెక్కలలో ఆ భాష నెరిగినవారు వేల్సులో ఐదు లక్షల చిల్లర; అదే సంవత్సరము మన దేశములో తెలుగువారు ఐదు కోట్ల పైచిలుకు. వారి భాషా కార్యక్రమములను ఇంగ్లీషు కార్యక్రమముల సందులలో, చూచువారు తక్కువగా నుండు వేళలలో ఇరికించెడివారు. తమకు వేరుగా ఒక ప్రసారశాఖ కావలెనని వారు కోరిరి. ఇచ్చెదమని చెప్పిన ప్రభుత్వము మాట తప్పినది. అంతట 1980లో గ్విన్‌వర్ ఎవన్స్ అను వృద్ధ నాయకుడు, మాట నిలుపుకొననిచో ప్రాణము పోవువరకు నిరాహారదీక్ష పట్టుదునని ప్రకటించెను. నిరాహారదీక్ష యనిన మనకు వేరుగా చెప్పవలసినది లేదు. 1952లో పొట్టి శ్రీరాములు గారు 58 దినములు ఉపవసించి అసువులు బాసినవారు. అక్కడ అంతవరకు రాలేదు. దీక్ష ప్రారంభముగాకముందే ప్రభుత్వము దిగివచ్చినది. 1982 నవంబరు 1వ తేదీన వారి ప్రసారశాఖ ప్రారంభమైనది. మనకు ఢిల్లీ జాతీయ కార్యక్రమము వచ్చిన మూడు నెలలలోపలనే!

వారు మొదట సంపాదించినది వారమునకు రమారమి 22 గంటలు. గంటలు తక్కువే; కాని సాయంకాలము జనులు ఇండ్లలో నుండు మంచి వేళలను తమ భాషకే కేటాయించుకొనిరి. ఐనను అక్కడి ప్రేక్షకుల సణుగుడు ముగియలేదు. చూపినదే చూపుచున్నారనియు, అలవాటైన కార్యక్రమపు వేళను మార్చిరనియు, తెర క్రింద ఇంగ్లీషు అక్షరములెందుకనియు ఫిర్యాదులు చేయుచునే యున్నారు. నాకు వారి సణుగుడు నచ్చినది. తమ సొత్తు అనుకొన్నవాడే సణుగును.

మన సంగతి 1995తో మారినది. ఆ సంవత్సరమే జెమిని, ఈటీవీ వంటి ప్రయివేటు ప్రసారములు వచ్చినవి. ఇప్పుడు రేయింబవళ్లు తెలుగే. గంటల కొరత తీరిపోయినది. మరి మనము ఇల్లు చేరు వేళకు ఏమి వచ్చుచున్నది? అత్తాకోడండ్ర కలహములు, ఒకరి మాట ఒకరు విననీయని వాదములు, నడుమ నడుమ సబ్బుల ప్రకటనలు. సేద్యపు మాటలు తెల్లవారుజామునకు జరిగినవి. మిరపకోతల నెలలలో ఆ వేళకు కూలీలతో ఆటో ఎక్కుచుందుము. 2015 మే 26వ తేదీన కేంద్ర ప్రభుత్వమువారు రైతులకొరకే ఒక దూరదర్శన శాఖను ప్రారంభించిరి. చాల సంతోషించితిని. పెట్టి చూచితిని. ప్రధానముగా హిందీ.

2021లో నల్ల తామరపురుగు వచ్చి మా మిరపతోటలను పూతలోనే కాల్చివేసినప్పుడు మా మనుమడు చేతిఫోనులో నాకు పదిరకముల సలహాలు చూపెను. ఒకటి చెప్పినదానిని ఒకటి కాదనుచుండెను. వానిలో సగము మందులమ్ముకొనువారివి. నా తెల్లదోమ నాటి అంగడివాడే ఫోనులో దూరినట్లు తోచినది. లాం పరిశోధన కేంద్రమువారు చెప్పు మాట నిర్ణీతమైన వేళకు, అందరు వినునట్లు, మరునాడు మరల వినునట్లు వచ్చిన బాగుండునని ఆనాడు మరల అనుకొంటిని.

అప్పుడు నేనొక ప్రసార కేంద్రమునకు జాబు వ్రాసితిని. జనవరి మొదలు మార్చివరకు సేద్యపు కార్యక్రమమును రాత్రి తొమ్మిదింటికి మరియొకమారు వేయుడనియు, ఆ నెలలలో స్త్రీల కార్యక్రమమును రాత్రికి మార్చుడనియు, వేళ మార్చదలచినచో వారము దినములు ముందుగా చెప్పుడనియు కోరితిని. మా ఊరివారు పదునెనిమిదిమంది సంతకములు చేసిరి. కాయలు కోయు స్త్రీలు ఐదుగురు వ్రేలిముద్రలు వేసిరి. మీ సూచనను పరిశీలించుచున్నామని రెండు పంక్తుల జవాబు వచ్చినది. జవాబిచ్చినందుకు వారికి నమస్కారము. ఒక్క ఊరి కోరికపై రాష్ట్రమంతటి వేళను మార్చరు, అది న్యాయమే. అందుచేత పెద్దలారా, మీరును వ్రాయుడు. అందులో, మీ ఊరివారు ఏ నెలలో ఎన్ని గంటలకు పొలమునకు పోవుదురో, ఎన్ని గంటలకు ఇల్లు చేరుదురో, మగవారికి వేరుగా, ఆడువారికి వేరుగా తప్పక వ్రాయుడు.