చుక్క చుక్కగా ఎక్కు మందు

ఇటీవల ఒక ఆసుపత్రిలో బంధువు మంచము ప్రక్కన కూర్చుండియుంటిమి. వాంకోమైసిన్ ఒక గ్రాము డ్రిప్పుగా ఎక్కుచున్నది. గంట గడచినను సీసా ముగియలేదు. భోజనపు వేళ మించిపోవుచున్నది. గొట్టము మీది చిన్న చక్రమును వదులు చేసినచో త్వరగా ముగియును గదా యని చేయి చాపితిమి. “సార్, దాన్ని ముట్టుకోకండి” అని నర్సమ్మ వారించినది. ఆ మాట వెనుక నొక చక్కని లెక్క కలదు.

మందును సిరలోనికి సిరంజితో ఒక్కమారుగా నెట్టవచ్చును. డ్రిప్పుగా మెల్లగానైన ఎక్కింపవచ్చును. నెట్టినచో రక్తములో దాని గాఢత తటాలున శిఖరమునకెక్కి దిగిపోవును. డ్రిప్పులో మెల్లగా పెరిగి, సీసా ముగిసిన పిదప దిగును. గంటగంటకు కొలిచి గీత గీసినచో మొదటిది కొండవలెను, రెండవది దిబ్బవలెను నుండును. గీత క్రింది వైశాల్యమే శరీరము మందునకు లోనైన మొత్తము. చిత్రమేమనగా, రెంటి క్రిందను ఆ వైశాల్యమొక్కటే!

మూత్రపిండములు గంటకు 5 లీటర్ల రక్తములోని మందును తొలగించుచున్నవనుకొందము. మందు హెచ్చుగానున్న హెచ్చుగా, తక్కువగానున్న తక్కువగా తొలగును. 1000 మిల్లీగ్రాములను 5 చేత భాగింపగా 200, అదియే వైశాల్యము. ఎంతసేపు ఎక్కించితిమను ప్రశ్నకు ఈ భాగహారములో చోటే లేదు. కనుక చక్రము త్రిప్పి మేము సంపాదింపబోయిన అదనపు మేలు సున్న.

కీడు మాత్రము కలదు. వాంకోమైసిన్ 1958లో అమెరికాలో అనుమతి పొందిన పాత మందు. వేగముగా ఎక్కినచో కొన్ని కణములు హిస్టమిన్ అను పదార్థమును వెదజల్లును. ముఖము, మెడ ఎర్రబారి దురద పుట్టును. ఒక్కొక్కప్పుడు రక్తపుపోటు పడిపోవును. చూచువారు దీనిని మందు పడకపోవుటగా భ్రమించి, పనికివచ్చు మందునే మానిపించుటయు కలదు. అందుచేతనే నిమిషమునకు 10 మిల్లీగ్రాములకు మించరాదని నియమము.

అన్ని మందులకు ఈ లెక్క చెల్లదు. క్యాన్సరునకిచ్చు ఫ్లోరోయురాసిల్‌ను ఒక్కసారిగా నెట్టినచో, దానిని విరిచివేయు కాలేయపు శక్తి చాలక వైశాల్యమే పెరుగును. అట్లు నెట్టినపుడు ఎముక మజ్జకు దెబ్బ హెచ్చు. దినముల తరబడి ఎక్కించినపుడు అరచేతులు, అరికాళ్ళు ఎర్రబారి మండుట హెచ్చు. మందు అదియే, బాధ వేరు.

ఆనాటి సీసాకు మొత్తము 100 నిమిషములు పట్టినది. మా భోజనము చల్లారినది.