యువక్రీడాకారులు క్రీడ నేల విడుతురు?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఏ గ్రామమున జూచినను బడి పందెములలో అందరికంటె ముందు పరువెత్తు బాలుడొకడుండును. నాలుగైదేండ్లు గడచునప్పటికి అతడు పందెమునకే రాడు. ‘వానికి శ్రద్ధ లేదు’ అని లోకులు తేల్చివేయుదురు. ఈ తీర్పు న్యాయమగునా?

భాగవత దశమస్కంధమున గోపబాలుర క్రీడ యొకటి గలదు. ఓడినవారు గెలిచినవారిని వీపున మోయవలెను. అందు శ్రీకృష్ణుడే యోడి శ్రీదాముని మోసెను. ఓటమి ఆటలో నొక భాగమే కాని అవమానము కాదనుట యిందలి భావము. నేటి బాలున కీ భాగ్యము కరవగుచున్నది. వాని భుజములపై శ్రీదాముడు కాదు, తండ్రి ఆశ, గురువు కీర్తి, ఇంటి అప్పు కూర్చుండును.

క్రీడను విడుచుటకు మొదటి కారణము దేహము. ఎదుగుచున్న యెముకలకు విశ్రాంతి నీయక ఏడాది పొడవున ఒకే సాధన చేయించినచో గాయము తప్పదు. గాయమైనను ఓర్పుతో చికిత్స జరిగినచో ఆట నిలుచును. 1994లో మోకాలికి తీవ్రముగా గాయపడిన మన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేత యయ్యెను.

రెండవది జీవిక. అమెరికా ఈతగాడు మార్క్ స్పిట్జ్ 1972లో మ్యూనిక్ ఒలింపిక్సున 7 స్వర్ణపతకములు గెలిచి, 22వ యేటనే పోటీలు మానెను. క్రీడవలన ధనము గడించువారి కానాడు ఒలింపిక్సున ప్రవేశము లేదు. ఆ నియమము తరువాత సడలెను. కాని పతకము కూడు పెట్టునా యను ప్రశ్న పేదయింట నేటికిని వినబడుచునే యున్నది.

మూడవది మనస్సు. ఇదియే బలీయము. ఆస్ట్రేలియా యువతి ఆష్లీ బార్టీ 2011లో, 15 ఏండ్లకే, వింబుల్డన్ బాలికల టెన్నిసు పోటీ గెలిచెను. 2014లో రాకెట్టు ప్రక్కనబెట్టెను. అంతయు అతిశీఘ్రముగా మీదబడెనని, సాటి పిల్లలవలె బ్రదుకగోరినదని తరువాత తెలిపెను. కొంతకాలము క్రికెట్టాడి, 2016లో తనంత తానే టెన్నిసునకు మరలి, 2021లో వింబుల్డన్ మహిళా విజేత యయ్యెను. 2022లో, ప్రపంచమున ప్రథమస్థానమున నుండగనే, 25వ యేట విరమించెను. మొదటిది అలసట, రెండవది తృప్తి. పోయినప్పుడు తలుపు మూయకుండుటచేతనే మరలివచ్చుట సాధ్యమయ్యెను.

కావున ఆట మానిన బిడ్డను పిరికివాడని నిందింపరాదు. విశ్రాంతి కోరినచో ఈయవలెను. వేరొక ఆట కోరినచో ఆడనీయవలెను. ఈ గ్రంథాలయమున ఏ బాలునిచేతను బలవంతముగా పుటలు చదివింపరు. చదువు రుచి తెలిసినవాడు తానే వచ్చును. ఆటస్థలమునకును అదే న్యాయము. సాయంకాలము బిడ్డ యింటికి రాగానే ‘గెలిచితివా?’ అనుటకు ముందు ‘ఆట బాగుండెనా?’ అని తల్లిదండ్రు లడుగుదురు గాక!

శుభమ్.